అమెరికాలో వీధికి అద్దె కడుతున్నారు, మరి మన అడవికి?



ఈసారి కరెంటు బిల్లు గురించి రాస్తున్నాం. ఆదివాసీ హక్కుల పేజీలో కరెంటు బిల్లు గోల ఏంటి అనుకోకండి. కాస్త ఓపిగ్గా చదవండి. ఇది బిల్లు పేరుతో నడిచే భూమి ముచ్చట.

అమెరికాలో చాలా నగరాల్లో ఇంటికొచ్చే కరెంటు బిల్లులో, గ్యాస్ బిల్లులో ఒక చిన్న లైను కనిపిస్తుంది. దాని పేరు ఫ్రాంచైజ్ ఫీజు. వాడిన యూనిట్లకు రేటు వేశారు, పన్ను వేశారు, మళ్ళీ ఈ ఫీజు దేనికి? ఎవరికి పోతుంది?

జవాబు సింపుల్. కరెంటు కంపెనీ స్తంభాలు ఎక్కడ నిలబడతాయి? నగరం వీధుల పక్కన. వైర్లు ఎక్కడ పోతాయి? వీధుల మీదుగా. గ్యాస్ పైపులు ఎక్కడ పూడుస్తారు? వీధుల కింద. ఆ వీధులు కంపెనీవి కావు, ఊరందరివీ. ఊరి ఆస్తి వాడుకుని వ్యాపారం చేసుకుంటున్నావు కాబట్టి ఊరికి అద్దె కట్టు అంటుంది మున్సిపాలిటీ. ఆ అద్దే ఫ్రాంచైజ్ ఫీజు. మన దేశంలో ఫ్రాంచైజీ అంటే మహారాష్ట్రలోని భివండిలో చేసినట్టు కరెంటు పంపిణీని ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పడం అనే అర్థం ఉంది. ఇది అది కాదు. ఇది కేవలం దారి అద్దె.

ఇది ఎలా నడుస్తుందో చూడండి. నగర కౌన్సిల్, కంపెనీ కూర్చుని ఒప్పందం రాసుకుంటాయి. కౌన్సిల్ దాన్ని ఆర్డినెన్స్‌గా పాస్ చేస్తుంది. గడువు 10 ఏళ్ళు, 20 ఏళ్ళు, 30 ఏళ్ళు, ఎంతైనా ఉండొచ్చు. రేటు ఎక్కువగా ఆ నగరంలో కంపెనీకి వచ్చే మొత్తం రాబడిలో ఒక శాతంగా ఉంటుంది. టెక్సస్‌లో అయితే కరెంటుకు యూనిట్ల లెక్కన కడతారు. కేబుల్ టీవీ ఫీజు 5 శాతం దాటకూడదని 1984లో ఫెడరల్ చట్టమే పరిమితి పెట్టింది. కంపెనీ ఆ సొమ్మును నగర ఖజానాకు కడుతుంది. నగరం దాన్ని రోడ్లకో, ఫైర్ స్టేషన్లకో, పార్కులకో, తన బడ్జెట్‌లో ఎలా రాసుకుంటే అలా ఖర్చు పెడుతుంది. ఏటా అడుక్కునే పని లేదు. స్తంభం ఉన్నంత కాలం అద్దె వస్తూనే ఉంటుంది.

ఈ హక్కు ఊరికే రాలేదు. సెయింట్ లూయిస్ నగరం తన వీధుల్లో నిలబెట్టిన ఒక్కో టెలిగ్రాఫ్ స్తంభానికి ఏడాదికి 5 డాలర్లు కట్టాలని రూలు పెట్టింది. వెస్టర్న్ యూనియన్ అనే టెలిగ్రాఫ్ కంపెనీ కట్టనంది. మాకు కేంద్ర చట్టం అనుమతి ఉంది, మధ్యలో మీరెవరు అంది. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1893లో కోర్టు చెప్పిన మాట మనం గుర్తుపెట్టుకోవాలి. దారిన పోయే బండి ఒక క్షణం ఉండి వెళ్ళిపోతుంది. స్తంభం అలా కాదు, పాతిన చోటును శాశ్వతంగా ఆక్రమిస్తుంది, ఆ చోటు ఇంకెవరికీ పనికిరాదు. కాబట్టి నగరం అడిగేది పన్ను కాదు, అద్దె. పైనుంచి అనుమతి తెచ్చుకున్నంత మాత్రాన ఊరి ఆస్తి ఫ్రీగా వాడుకునే హక్కు రాదు. కోర్టు తర్కం ఇదీ.

ఇప్పుడు మన పొలం మధ్యలో నిలబడ్డ హైటెన్షన్ టవర్‌ను ఒకసారి తలుచుకోండి. దాని నాలుగు కాళ్ళ మధ్య అరక తిరుగుతుందా? వైర్ల కింద చెట్టు పెరగనిస్తారా?

డబ్బు ఒక్కటే కాదు, గడువు అనేది ఇంకా ముఖ్యం. గడువు అయిపోయిన రోజు కంపెనీ మళ్ళీ ఊరి ముందుకు రావాలి. శాన్ డియేగో నగరం 1970లో 50 ఏళ్ళకు ఒప్పందం రాసిచ్చింది. అది ముగిశాక 2021లో కొత్తది రాసుకుంటే 10 ఏళ్ళు, ఆ తర్వాత ఇంకో 10 ఏళ్ళు అనే పద్ధతికి దిగొచ్చింది. హక్కు దక్కించుకోవడానికే కంపెనీ 8 కోట్ల డాలర్లకు ఒప్పుకోవాల్సి వచ్చింది. కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ అనే ఊరు 2010లో ఒప్పందాన్ని పొడిగించకుండా వదిలేసింది. మా కరెంటు సంస్థ మేమే పెట్టుకుంటాం అని పదేళ్ళు కొట్లాడింది. చివరికి 2020లో ఓటేసుకుని మళ్ళీ కంపెనీతోనే ఒప్పందం చేసుకుంది. మినియాపోలిస్ జనం కూడా సొంత కరెంటు సంస్థ కావాలని ఉద్యమం చేశారు. దాని వత్తిడితోనే 2014లో కొత్త ఒప్పందంతో పాటు క్లీన్ ఎనర్జీ మీద నగరంతో కలిసి పనిచేయడానికి కంపెనీలు సంతకం పెట్టాయి. అందరూ పూర్తిగా గెలిచారని చెప్పట్లేదు. గడువు ఉంది కాబట్టి బేరం ఆడే రోజు ఒకటి వచ్చింది అంటున్నాం.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. ఇది చెప్పకపోతే సగం అబద్ధం చెప్పినట్టే. అద్దె కంపెనీ తన లాభంలోంచి కడుతుందా? చాలా చోట్ల లేదు. ఆ సొమ్మంతా తెచ్చి వినియోగదారుడి బిల్లులో వేస్తుంది. 100 డాలర్ల బిల్లు, 5 శాతం ఫీజు అయితే, 105 డాలర్లు కట్టేది ఇంటివాడే. కంపెనీ చేసేది వసూలు చేసి అప్పజెప్పడం. పెద్ద బంగళావాడికీ, రెండు గదుల అద్దె ఇంటివాడికీ అదే శాతం. ఇంకో చిక్కు కూడా ఉంది. బిల్లులు పెరిగితే నగరం వాటా కూడా పెరుగుతుంది. అలాంటప్పుడు రేట్లు పెంచొద్దని నగరం గట్టిగా ఎందుకు అడుగుతుంది?

కాలిఫోర్నియాలో శాంటా బార్బరా నగరం ఇలాగే బిల్లుల మీద అదనంగా 1 శాతం వేయించింది. జనం కోర్టుకెళ్ళారు. 2017లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. వీధుల వాడకానికి నిజంగా ఎంత విలువ ఉందో అంతవరకు అయితే అది అద్దె. అంతకు మించి గుంజితే అది పన్నే, పన్నుకు ఓటర్ల ఆమోదం కావాలి. అద్దె పేరు పెట్టి ఎవరైనా ఎంతైనా లాగేయడం కుదరదన్నమాట. ఈ పాఠాన్ని పక్కన పెట్టుకోండి, మనకు తర్వాత పనికొస్తుంది.

ఇది నగరాల కథ. మరి అక్కడి ఆదివాసుల సంగతి ఏంటి?

అమెరికాలో ఆదివాసీ తెగల భూముల మీదుగా కూడా కరెంటు లైన్లు, గ్యాస్ పైపులు పోతాయి. 1948 చట్టం ప్రకారం ఆ దారికి తెగ సమ్మతి కావాలి. వెనకటికి చౌకగా రాయించుకున్న దారి హక్కుల గడువులు తీరుతుంటే, తెగలు గట్టిగా బేరం ఆడటం మొదలుపెట్టాయి. కంపెనీలకు మండింది. తెగలు ఎక్కువ అడుగుతున్నాయి, దేశానికి కరెంటు ఖరీదైపోతుంది అని గోల చేశాయి. దాంతో 2005 ఎనర్జీ చట్టంలోనే దీనిమీద అధ్యయనం చేయమని రాశారు. 2007లో ప్రభుత్వ శాఖలు పార్లమెంటుకు ఇచ్చిన రిపోర్టు ఏం చెప్పింది? చట్టం మార్చాల్సిన పనిలేదు, రేటు తెగా కంపెనీ కూర్చుని తేల్చుకోవాలి అంది. నగరం వీధికి అద్దె తీసుకుంటే ఎవరికీ నొప్పి లేదు. ఆదివాసీ తన నేలకు అద్దె అడిగితే మాత్రం దేశ ప్రయోజనం గుర్తొచ్చింది. ఈ పాట మనకు బాగా తెలిసిందే కదా.

అక్కడ అంతా బాగుందని కూడా అనుకోవద్దు. నవాజో నేల మీద కట్టిన నవాజో జనరేటింగ్ స్టేషన్ 2,250 మెగావాట్లది. దాని కరెంటుతో కొలరాడో నది నీళ్ళను ఎడారి దాటించి ఫీనిక్స్, టూసాన్ నగరాలకు తోడిపోశారు. 2019లో అది మూతపడే నాటికి కూడా వేలాది నవాజో ఇళ్ళల్లో బల్బు వెలగలేదు. పై నుంచి లైన్లు, కింద చీకటి.

ఇక మన దగ్గరికి వద్దాం.

సీలేరు నది మీద అప్పర్ సీలేరు 240 మెగావాట్లు, లోయర్ సీలేరు 460 మెగావాట్లు. మణుగూరు, ఇల్లెందు, కొత్తగూడెం బొగ్గు. పాల్వంచ, భద్రాద్రి థర్మల్ కేంద్రాలు. నది మనది, బొగ్గు మన కాళ్ళ కింద నుంచి తవ్విందే. అక్కడి నుంచి మైదానానికి పోయే ప్రతి లైను మన పోడు మీదుగా, మన అడవి మీదుగా పోతుంది. ఆ లైన్ల పక్కనే నిన్నమొన్నటిదాకా కరెంటు మొహం చూడని గూడేలు ఉన్నాయి.

ఇప్పుడు మీ ఇంటి కరెంటు బిల్లు తీసి చూడండి. ఎనర్జీ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, కింద ఎలక్ట్రిసిటీ డ్యూటీ. ఇళ్ళకు యూనిట్‌కు 6 పైసల చొప్పున ఆ డ్యూటీ రాష్ట్ర ఖజానాకు పోతుంది. టవర్లు మోస్తున్న పంచాయతీకి అని ఒక్క పైసా లైను ఎక్కడైనా ఉందా? హైదరాబాద్ బిల్లులో ఉందా? విశాఖ బిల్లులో ఉందా?

ఎందుకు లేదో అర్థం కావాలంటే చట్టం చూడాలి. 2003 విద్యుత్ చట్టంలోని 164వ సెక్షన్, లైన్లు వేసే సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు కట్టబెట్టే వీలు కల్పించింది. తెల్లవాడు చేసిన చట్టం అది. దాని ప్రకారం కంపెనీకి భూమి మీద యాజమాన్యం రాదు, వాడుకునే హక్కు మాత్రమే వస్తుంది. నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలి. వినడానికి బాగానే ఉంది. కానీ అసలు మెలిక ఇక్కడే ఉంది. భూమి తీసుకోవట్లేదు, వాడుకుంటున్నామంతే అంటారు కాబట్టి ఇది భూసేకరణ కిందకు రాదు. భూసేకరణ కాదు కాబట్టి 2013 భూసేకరణ చట్టం వర్తించదంటారు. పెసా చట్టంలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని ఉంది. సేకరణే లేదు కాబట్టి సంప్రదింపులూ లేవంటారు.

గమనించారా? అమెరికా నగరంలో కంపెనీ వీధిని కొనలేదు, వాడుకుంటోంది, అందుకే అద్దె కట్టాలన్నారు. మన ఏజెన్సీలో కంపెనీ భూమిని కొనలేదు, వాడుకుంటోంది, అందుకే ఎవర్నీ అడగక్కర్లేదన్నారు. మాట ఒక్కటే. అక్కడ ఊరి హక్కుకు అదే పునాది. ఇక్కడ ఊరి నోరు మూయించడానికి అదే సాకు. ఈ వ్యాసం మొత్తంలో మీరు పట్టుకోవాల్సింది ఇదొక్కటే.

అడవిలో ఇంకా ఘోరం. అటవీ భూమి మళ్ళించాలంటే గ్రామసభ సమ్మతి కావాలని 2009లో కేంద్ర అటవీ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. అటవీ హక్కుల చట్టం చెప్పేదీ అదే. కానీ 2013 ఫిబ్రవరి 5న అదే శాఖ ఇంకో లెటర్ తీసి రోడ్లు, కాలువలు, పైపులైన్లు, ట్రాన్స్‌మిషన్ లైన్లకు గ్రామసభ సమ్మతి అక్కర్లేదంది. కొండరెడ్లు, చెంచులు, కొలాముల లాంటి ఆదిమ తెగల గుర్తింపు పొందిన హక్కులు దెబ్బతినే చోట మాత్రమే మినహాయింపు. అదే మన గూడేనికి చిన్న కరెంటు లైను కావాలనుకోండి. అటవీ హక్కుల చట్టం 3(2) కింద హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, గ్రామసభ సిఫారసుతో తెచ్చుకోవాలి. మన బల్బుకు గ్రామసభ తీర్మానం కావాలి, వాళ్ళ 400 కేవీ లైనుకు అక్కర్లేదు!

అడవిని వాడుకున్నందుకు డబ్బు అసలే కట్టట్లేదా అంటే, కడుతున్నారు. దాన్ని నికర ప్రస్తుత విలువ అంటారు. అది కంపా నిధికి చేరి అటవీ శాఖ చేతికి పోతుంది. అడవిని కాపాడిన ఊరికి కాదు. పట్టా పొలాల్లో టవర్లకు 2024 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలు మార్చి, టవర్ కాళ్ళ మధ్య భూమికి విలువలో 200 శాతం, వైర్ల కింద కారిడార్‌కు 30 శాతం పరిహారం అంది. మంచిదే. కానీ అది ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునే డబ్బు. టవర్ తరాల తరబడి ఉంటుంది. పైగా ఏజెన్సీలో భూమి విలువ కాగితం మీద ఎంత రాస్తారో మనకు తెలుసు. పట్టా లేని పోడు రైతుకు అదీ దక్కదు.

ఇక్కడ కొందరు అడుగుతారు. మనకు 200 యూనిట్ల దాకా ఫ్రీ కరెంటు ఇస్తున్నారు కదా, ఇంకా ఏం కావాలి? ఫ్రీ కరెంటు ఇవ్వాల్సిందే, పోనివ్వొద్దు. కానీ అది పథకం. ప్రభుత్వం మారితే మారొచ్చు, రేషన్ కార్డు లేదనో, ఆధార్ కలవలేదనో ఆపేయొచ్చు. అద్దె అలా కాదు. ఇంటి ఓనర్ నెలాఖరుకు అద్దె అడిగితే దాన్ని సంక్షేమం అంటారా? మనల్ని లబ్ధిదారులు అని పిలవడం వాళ్ళకు అలవాటైపోయింది. ఈ నేల హక్కుదారులు అని పిలిపించుకోవడమే మన పోరాటం.

ఇంకొకరు అంటారు, జిల్లా ఖనిజ నిధి ఉంది కదా అని. ఉంది. 2015 నుంచి గనుల కంపెనీలు రాయల్టీకి తోడుగా లీజును బట్టి 10 శాతమో 30 శాతమో దానికి కడుతున్నాయి. కానీ దాన్ని నడిపేది జిల్లా యంత్రాంగం, గ్రామసభ కాదు. లైన్లకైతే అది కూడా లేదు. జలవిద్యుత్తుకు 2008 విధానంలో రాష్ట్రానికి 12 శాతం ఉచిత కరెంటు, స్థానిక అభివృద్ధికి మరో 1 శాతం అని రాశారు. మన సీలేరు ప్రాజెక్టులు అంతకు చాలా ముందువి. ఇప్పుడు మన కొండల మీద పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు అంటున్నారు. వాటికి ఉచిత కరెంటు బాధ్యత ఉండదని 2023 కేంద్ర మార్గదర్శకాలు తేల్చేశాయి. అంటే కొత్తగా వచ్చేవాటిలో ఆ కాస్త వాటా కూడా లేకుండా చేస్తున్నారు.

వాటా అడగడం మన కోర్టులకు కొత్తేమీ కాదు. 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవంది. దాంతో పాటు నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని కూడా చెప్పింది. సమత తీర్పు అంటే లీజుల రద్దు మాత్రమే అనుకుంటాం. ఈ రెండో మాట కూడా మన యువత నోట్లో ఉండాలి.

టెలిగ్రాఫ్ చట్టంలోనే ఇంకో సంగతి ఉంది. స్థానిక సంస్థ అధీనంలో ఉన్న ఆస్తి మీద లైను వేయాలంటే ఆ సంస్థ అనుమతి కావాలని 10వ సెక్షన్ చెప్తుంది. అనుమతి ఇచ్చేటప్పుడు ఖర్చుల మీద, పని చేసే పద్ధతి మీద సహేతుకమైన షరతులు పెట్టొచ్చని 12వ సెక్షన్ చెప్తుంది. తెల్లవాడు కూడా ఊరిని అడగాలని రాశాడు. మన పంచాయతీ రోడ్డు మీద, పంచాయతీ స్థలంలో టవర్ పాతిన రోజు మీ సర్పంచ్‌ని ఎవరైనా అడిగారా?

అందుకే మనం ఏం అడగాలో స్పష్టంగా ఉండాలి.

ఒకటి, సమ్మతి ముందు, అద్దె తర్వాత. అద్దె ఇస్తున్నాం కాబట్టి సమ్మతి అక్కర్లేదు అనే వ్యాపారానికి మనం ఒప్పుకోవద్దు. వద్దనే హక్కు ఉన్నవాడికే అద్దె అడిగే బలం ఉంటుంది. 2013 లెటర్ వెనక్కి తీసుకోవాలి.

రెండు, గడువు. శాశ్వతంగా రాసిచ్చే దారి హక్కు ఉండకూడదు. పదేళ్ళకో పదిహేనేళ్ళకో మళ్ళీ గ్రామసభ ముందుకు రావాలి.

మూడు, ఏటా అద్దె. టవర్‌కు ఇంత అనో, లైనులో పోయే కరెంటుకు యూనిట్‌కు ఇంత అనో లెక్క ఉండాలి. ఆ లెక్క ఎలా కట్టారో ఊళ్ళో బోర్డు మీద రాయాలి.

నాలుగు, ఆ సొమ్ము గ్రామసభ ఖాతాలో పడాలి. కలెక్టర్ ఖాతాలోనో ఐటీడీఏ ఖాతాలోనో కాదు.

ఐదు, అమెరికా చేసిన తప్పు మనం చేయొద్దు. ఈ అద్దెను తెచ్చి బస్తీలో కూలి చేసుకునే వాడి బిల్లులో వేయకూడదు. భారీగా కరెంటు వాడే పరిశ్రమల మీద, కంపెనీల లాభాల మీద పడాలి. లేకపోతే రేపు మైదానం పేదవాడిని మన మీదికి ఉసిగొల్పుతారు. ఆదివాసుల వల్లే మీ బిల్లు పెరిగింది అంటారు. ఆ అవకాశం వాళ్ళకు ఇవ్వొద్దు.

ఇవన్నీ రేపే రావు. కానీ రేపే మొదలుపెట్టగలిగిన పనులు ఉన్నాయి. మీ పంచాయతీ మీదుగా ఏ లైను పోతోంది, ఎన్ని కేవీలు, ఎన్ని టవర్లు, ఎంత అటవీ భూమి మళ్ళించారు, గ్రామసభ తీర్మానం పేరుతో ఏ కాగితం పెట్టారు అని ఆర్టీఐ వేయండి. ఆ కాగితం మీద మీ తాత వేలిముద్ర ఉంటే, ఆ రోజు నిజంగా సభ జరిగిందా అని తాతనే అడగండి. ఊరి అడవికి సామూహిక హక్కు పత్రం లేకపోతే దరఖాస్తు పెట్టించండి. దారికి అద్దె అడగాలంటే ముందు ఆ నేల ఎవరిదో కాగితం చెప్పాలి. వచ్చే గ్రామసభలో పై ఐదు మాటలు తీర్మానంగా రాయించి మినిట్స్ బుక్కులో ఎక్కించండి. చదువుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ బుక్కు ఫోటో తీసి దాచుకోండి. ఆఫీసుల్లో కాగితాలు మాయమవడం మనకు కొత్త కాదు.

సెయింట్ లూయిస్ అడిగింది స్తంభానికి 5 డాలర్లు. పెద్ద మొత్తం కాదు. కానీ ఆ కేసుతో ఊరి నేల ఊరిదే అని దేశం చేత ఒప్పించింది. మన టవర్ల కింద నేల కూడా మనదే. అడగడం మొదలుపెడదాం.

జల్, జంగల్, జమీన్ మనవే. జై ఆదివాసీ!